హ్యూస్టన్ నాలుగో వార్డు: ఓటు పోయినా మిగిలిన పేరు

హ్యూస్టన్ నడిబొడ్డున మెయిన్ స్ట్రీట్, కాంగ్రెస్ స్ట్రీట్ ఒకదాన్నొకటి దాటే కూడలి ఉంది. 1840లో ఊరిని నాలుగు వార్డులుగా పంచినప్పుడు నగర పాలకులు ఈ కూడలినే కేంద్రంగా పెట్టుకున్నారు. కాంగ్రెస్ వీధికి ఉత్తరాన, మెయిన్‌కు పడమట ఉన్నది ఒకటో వార్డు. ఉత్తరానే తూర్పు వైపుది రెండోది. దక్షిణాన తూర్పు భాగం మూడోది, పడమటి భాగం నాలుగోది. వార్డుకు ఇద్దరేసి ఆల్డర్‌మెన్ నగర సభకు ఎన్నికయ్యేవారు. ఆల్డర్‌మన్ అంటే మన కార్పొరేటర్ లాంటి పదవే. అప్పటికి ఊరి వయసు నాలుగేళ్లు. అగస్టస్, జాన్ అనే అలెన్ సోదరులు బఫెలో బయూ అనే ఏటి ఒడ్డున 1836లో స్థలాలు అమ్మకానికి పెట్టడంతో పుట్టిన ఊరది. ఊరు పెరుగుతుంటే వార్డులూ కూడలి నుంచి బయటికి సాగాయి. తర్వాత 1866లో ఏటికి ఉత్తరాన ఐదో వార్డు వచ్చింది. పదేళ్లకు నాలుగో వార్డులో ఏటికి ఉత్తరాన ఉన్న ముక్కను విడదీసి ఆరో వార్డు చేశారు.

ఈ వార్డుల నుంచి సభ్యులను పంపే పద్ధతి 1905లో పోయింది. నాలుగో వార్డు తరఫున అంటూ హ్యూస్టన్ నగర సభలో ఎవరూ కూర్చోక నూట ఇరవై ఏళ్లు దాటింది. కానీ హ్యూస్టన్‌లో ఇవాళ్టికీ ‘మాది థర్డ్ వార్డ్’, ‘మాది ఫిఫ్త్ వార్డ్’ అని చెప్పుకునే మనుషులున్నారు. ఎన్నికల కోసం గీసిన గీతలు చెరిగిపోయి శతాబ్దం దాటినా, పేర్లు ఇంటిపేర్లలా నిలిచిపోయాయి. నాలుగో వార్డు విషయంలో మాత్రం పేరు మిగిలింది గానీ ఊరు చాలావరకు మిగల్లేదు. ఎందుకలా జరిగిందో తెలియాలంటే 1905కు ముందు, తర్వాత అక్కడి మనిషి ఓటు ఏమైందో చూడాలి.

1865 జూన్ 19న, అమెరికా అంతర్యుద్ధం ముగిశాక, ఉత్తరాది సైన్యపు జనరల్ గోర్డన్ గ్రేంజర్ సముద్రతీర పట్టణమైన గాల్వెస్టన్‌లో బానిసత్వం రద్దయిందని ప్రకటన చేశాడు. ఆ రోజే నేటి జూన్‌టీన్త్ పండుగ. ఆ వార్త విన్న కుటుంబాలు బ్రాజోస్ నది వెంట ఉన్న పత్తి, చెరకు తోటలు విడిచి సాన్ ఫెలిపే రోడ్డు పట్టుకుని హ్యూస్టన్‌కు నడిచి వచ్చాయి. ఊరికి పడమట ఆ రోడ్డు ఊళ్లోకి ప్రవేశించే చోటే, ఏటికి దక్షిణపు ఒడ్డున వారు ఆగిపోయారు. అది పల్లపు నేల, వరదకు మునిగే నేల. ఇతరులకు అక్కర్లేనిది కాబట్టి చవగ్గా దొరికింది. అలా నాలుగో వార్డులో ఫ్రీడ్‌మెన్స్ టౌన్ వెలిసింది. తెలుగులో విముక్తుల పేట అనుకోవచ్చు.

పేట అంటే పాకల గుంపు అనుకుంటే పొరపాటు. 1866లోనే ఆంటియోక్ బాప్టిస్టు సంఘం ఏర్పడింది. వర్జీనియాలో బానిసగా పుట్టిన జాక్ యేట్స్ 1868లో దానికి పాస్టర్ అయ్యాడు. 1870లలో ఆ సంఘం తనకోసం ఇటుకలతో చర్చి కట్టుకుంది. దాని నిర్మాణాన్ని పర్యవేక్షించిన రిచర్డ్ అలెన్ కూడా బానిసత్వం నుంచి బయటపడ్డవాడే, టెక్సస్ శాసనసభకు ఎన్నికైనవాడే. యేట్స్, అలెన్, రిచర్డ్ బ్రాక్, ఇలైయాస్ డిబుల్ నాయకత్వంలో 1872లో జనం 800 డాలర్లు పోగుచేసి మూడో వార్డులో 10 ఎకరాలు కొన్నారు. జూన్‌టీన్త్ జరుపుకోవడానికి తమదంటూ ఒక స్థలం ఉండాలన్నదే ఆ కొనుగోలు ఉద్దేశం. అదే నేటి ఇమాన్సిపేషన్ పార్కు. విడుదలై ఏడేళ్లయినా నిండని వాళ్లు, రోజు కూలితో బతికేవాళ్లు పండుగ కోసం పదెకరాలు కొన్నారన్న మాట దగ్గర కాసేపు ఆగాలి. తోటలో తమ పేరున సెంటు భూమి లేని తరం అది.

పై నలుగురిలో ఒకడైన రిచర్డ్ బ్రాక్ నగర సభలో ఆల్డర్‌మన్‌గా కూడా పనిచేశాడు. అంతర్యుద్ధం తర్వాతి పునర్నిర్మాణ కాలంలో, రిపబ్లికన్ గవర్నర్ ఎడ్మండ్ డేవిస్ హయాంలో, థామస్ స్కాన్లన్ మేయర్‌గా ఉన్న సభలో నల్లజాతి ఆల్డర్‌మెన్ ఉన్నారు. 1874లో డెమొక్రాట్లు రాష్ట్రంలో అధికారంలోకి రాగానే స్కాన్లన్‌ను, ఆయన సభను తప్పించారు. ఆ తర్వాత హ్యూస్టన్ నగర సభలో మరో నల్లజాతి సభ్యుడు కనిపించడానికి 1971 దాకా ఆగాల్సి వచ్చింది.

వార్డు పద్ధతి ఉన్నంతకాలం అంతా సవ్యంగా ఉందని చెప్పడం సరికాదు. నాలుగో వార్డు మొత్తం నల్లజాతివారిది కాదు. మెయిన్ స్ట్రీట్ వెంట దక్షిణంగా సాగిన భాగంలో ఊరిలోని సంపన్న తెల్లవారి మేడలుండేవి. ఏటి ఒడ్డు పల్లంలో విముక్తుల పేట ఉండేది. రెండూ ఒకే వార్డు. అయినా వార్డు అనేది ఉన్నంతకాలం అభ్యర్థి ఆ పల్లపు వీధుల ఓట్లను లెక్కలోకి తీసుకోక తప్పేది కాదు. మురుగు కాలువ, దీపస్తంభం, వంతెన ఎవరిని అడగాలో జనానికి తెలిసేది. వార్డు చేసే పని ఇదే. గొప్ప ఆదర్శమేమీ కాదు, అడగడానికి ఒక గడప.

ఆ గడపను తీసేసింది ఒక తుపాను తర్వాత పుట్టిన ఆలోచన. 1900 సెప్టెంబరులో గాల్వెస్టన్‌ను ముంచిన తుపానులో కనీసం 6,000 మంది చనిపోయారు. ఊరిని తిరిగి నిలబెట్టడానికి అక్కడి వ్యాపారులు కమిషన్ పాలన అనే కొత్త పద్ధతి తెచ్చారు. వార్డు సభ్యుల బదులు ఊరి మొత్తానికి కొద్దిమంది కమిషనర్లు ఉంటారు, ఒక్కొక్కరు ఒక్కో శాఖ చూస్తారు. పని వేగంగా జరిగింది. అది చూసి హ్యూస్టన్ 1905లో అదే పద్ధతికి మారింది. మేయర్, నలుగురు కమిషనర్లు, అందరికీ ఊరంతా ఓటు వేయాలి. సంస్కర్తలు చెప్పిన కారణాల్లో నిజం ఉంది. వార్డు రాజకీయాల్లో ఎవరి వీధి వారు చూసుకునేవారు, కాంట్రాక్టులు చేతులు మారేవి, ఊరంతటికీ కావాల్సిన నీటి పథకం వంటివి వెనకబడేవి. నగరాన్ని వ్యాపార సంస్థలా నడపాలన్నది ఆ కాలపు మాట. దేశంలో వందలాది పట్టణాలు ఆ దారే పట్టాయి.

అయితే లెక్క వేరే సంగతి చెబుతుంది. 1900 నాటికి హ్యూస్టన్ జనాభాలో దాదాపు మూడింట ఒక వంతు నల్లజాతివారు. మూడో వంతు జనం కొన్ని వార్డుల్లో గుంపుగా ఉంటే, వార్డు ఎన్నికల్లో ఒకటి రెండు స్థానాల్లో వారి మాట చెల్లుతుంది. ఊరంతా కలిపి ఓటు వేస్తే ప్రతి స్థానంలోనూ మిగిలిన రెండు వంతులదే గెలుపు. ఎవరి ఓటూ తీసేయనక్కర లేదు, గీతలు చెరిపితే చాలు. పైగా ఓటునూ తీసేశారు. 1902 రాజ్యాంగ సవరణతో టెక్సస్ తలపన్ను తెచ్చింది. ఓటు వేయాలంటే ముందుగా ఏటా ఒకటిన్నర డాలరు కట్టి రసీదు దగ్గర ఉంచుకోవాలి. 1921లో హ్యూస్టన్ డెమొక్రటిక్ పార్టీ నగర ప్రైమరీలో, అంటే పార్టీ తన అభ్యర్థిని ఎంచుకునే ముందస్తు ఎన్నికలో, నల్లజాతివారిని ఓటు వేయనివ్వలేదు. 1923లో రాష్ట్రమే దాన్ని చట్టం చేసింది. ఆ రోజుల్లో డెమొక్రటిక్ ప్రైమరీ గెలిస్తే అసలు ఎన్నిక గెలిచినట్టే కాబట్టి, ప్రైమరీ తలుపు మూస్తే మిగిలేదేమీ లేదు.

తెలుగు పాఠకులకు ఇది కాస్త వింతగా అనిపించవచ్చు. మన దగ్గర 74వ రాజ్యాంగ సవరణ తర్వాత మున్సిపాలిటీలో స్థానాలను వార్డుల వారీగానే నింపాలి, ఎస్సీ, ఎస్టీలకు, మహిళలకు రిజర్వేషన్లు ఉండాలి. డీలిమిటేషన్‌లో ఏ వీధి ఏ డివిజన్‌లోకి పోయిందన్నదాని మీద మన ఊళ్లలో ఎంత రచ్చ జరుగుతుందో తెలిసిందే. ఆ రచ్చ విసుగు పుట్టించేదే కావచ్చు, కానీ గీతలకు విలువుందని జనానికి తెలుసు కాబట్టే అది జరుగుతుంది. హ్యూస్టన్‌లో 1905లో జరిగింది గీత మార్చడం కాదు, గీతనే ఎత్తేశారు.

నగర సభలో అడిగే మనిషి లేని కాలంలో పోలీసుతో ఎలా ఉంటుందో 1917 చూపించింది. క్యాంప్ లోగన్ అనే సైనిక శిక్షణ శిబిరం నిర్మాణానికి కాపలాగా సైన్యం 24వ పదాతి దళంలోని నల్లజాతి సైనికులను పంపింది. ఆగస్టు 23న నాలుగో వార్డులో ఇద్దరు పోలీసులు ఒక నల్లజాతి మహిళను ఆమె ఇంటి నుంచి ఈడ్చుకొచ్చి అరెస్టు చేశారు. అడ్డుపడ్డ సైనికుణ్ణి కొట్టారు. సంగతి అడగబోయిన కార్పొరల్ చార్లెస్ బాల్టిమోర్‌నూ కొట్టి, కాల్పులు జరిపి పట్టుకెళ్లారు. అతణ్ణి చంపేశారన్న పుకారు శిబిరానికి చేరింది. ఆ రాత్రి వంద మందికి పైగా సైనికులు ఆయుధాలతో సాన్ ఫెలిపే వీధి వైపు కదిలారు. పోలీసులు, పౌరులు, సైనికులు కలిపి ఇరవై మంది దాకా చనిపోయారు. సైనిక న్యాయస్థానాలు 110 మందిని దోషులన్నాయి, 19 మందిని ఉరితీశారు. 2023 నవంబరులో అమెరికా సైన్యం ఆ 110 శిక్షలనూ రద్దు చేసింది. విచారణే న్యాయంగా జరగలేదని ఒప్పుకోవడానికి 106 ఏళ్లు పట్టింది.

ఇంత జరుగుతున్నా ఆ పేట తన పనులు తాను చేసుకుంటూనే ఉంది. 1904లో తెరిచిన నగర గ్రంథాలయంలోకి నల్లజాతివారిని రానివ్వలేదు. స్కూలు ఉపాధ్యాయులు, ముఖ్యంగా ప్రధానోపాధ్యాయుడు ఇ.ఒ. స్మిత్, ఊరుకోలేదు. నల్లజాతి విద్యావేత్త బుకర్ టి. వాషింగ్టన్ సాయంతో, గ్రంథాలయాలకు విరాళాలిచ్చే ఉక్కు వ్యాపారి కార్నెగీ నుంచి 15,000 డాలర్లు తెచ్చారు, స్థలం తామే కొన్నారు. నల్లజాతి వాస్తుశిల్పి విలియం సిడ్నీ పిట్‌మన్ నమూనా గీశాడు. 1913లో నాలుగో వార్డులో గ్రంథాలయం తెరుచుకుంది. మొదట్లో దాన్ని నడిపింది కూడా నల్లజాతి ధర్మకర్తల మండలే. సాన్ ఫెలిపే వీధి (నేటి వెస్ట్ డల్లాస్) డాక్టర్ల ఆఫీసులు, దుకాణాలు, వినోదశాలలతో కళకళలాడేది. ఆండ్రూస్, విల్సన్ వీధుల్లో నగరం రోడ్డు వేయకపోతే తమ పెద్దలే డబ్బులు వేసుకుని ఇటుకలు పరిచారని అక్కడివాళ్లు తరతరాలుగా చెప్పుకుంటారు. ఆ ఇటుకల సంగతి మళ్లీ వస్తుంది.

కూల్చివేత ఒక్క దెబ్బలో జరగలేదు. ఊరి డౌన్‌టౌన్ పడమటికి పెరుగుతున్న కొద్దీ ఒక్కో ప్రజాప్రయోజనం పేరుతో ఒక్కో ముక్క పోయింది. 1930లలో కలోసియం, మ్యూజిక్ హాల్ వంటి పెద్ద సభాభవనాలు వార్డు తూర్పు అంచున లేచాయి. కొత్త సిటీ హాలూ పాత నాలుగో వార్డు నేల మీదే ఉంది. ఆపైన వచ్చిన దెబ్బ పెద్దది. హౌసింగ్ అథారిటీ పేటలోనే ఏటి ఒడ్డున 37 ఎకరాలు సేకరించి, 1942 నుంచి 1944 మధ్య దాదాపు 1,000 ఇళ్ల సాన్ ఫెలిపే కోర్ట్స్ కట్టింది. యుద్ధ పరిశ్రమల్లో పనిచేసే తెల్లవారి కుటుంబాలకు మాత్రమే ఆ ఇళ్లు. ఖాళీ చేయించింది నల్లజాతి కుటుంబాలను, ప్రవేశం లేనిదీ వాళ్లకే. ఒక ప్రభుత్వ పథకంలో ఇంత బాహాటంగా జరిగిన అన్యాయానికి సంజాయిషీ చెప్పాల్సిన ఒక్క సభ్యుడు కూడా ఆ వీధులకు లేడు. వార్డు లేకపోవడం అంటే ఇది.

తర్వాత ఫ్రీవే వచ్చింది. ఇవాళ హ్యూస్టన్ డౌన్‌టౌన్‌లో పనిచేసే తెలుగువాళ్లు రోజూ తిరిగే ఐ-45 రోడ్డు ఆ పేట మధ్యగా వెళ్తుంది. 1950లు, 60లలో ఆ రోడ్డు పాత నాలుగో వార్డును రెండుగా చీల్చింది. తూర్పు వైపు మిగిలింది డౌన్‌టౌన్‌లో కలిసిపోయింది. పడమటి ముక్కకే నాలుగో వార్డు అన్న పేరు దక్కింది. జనం కొనుక్కున్న స్థలంలో 1913లో నిలిచిన కార్నెగీ గ్రంథాలయాన్ని 1962లో ఫ్రీవే పనుల కోసం కూల్చేశారు. పార్కుల్లా, స్కూళ్లలా చేతులతో కూడబెట్టుకున్న సంస్థలు ఒక్కసారి పోతే డబ్బిచ్చినా తిరిగి రావు.

హ్యూస్టన్ మ్యాపులో 1840 నాటి నాలుగో వార్డును, జనం ఇప్పుడు ఆ పేరుతో పిలిచే చోటును పక్కపక్కన పెడితే ఆశ్చర్యం కలుగుతుంది. అప్పటిది డౌన్‌టౌన్‌లో సగం, నేటి మిడ్‌టౌన్, మాంట్‌రోజ్‌లలో కొంత కలిపిన పెద్ద విస్తీర్ణం. ఇప్పటిది ఐ-45కు పడమట కొన్ని పదుల వీధులు. తెల్లవారు ఉండే భాగాలు కొత్త పేర్లు తెచ్చుకుని పాత పేరు వదిలేశాయి. పేదలు, నల్లజాతివారు ఉన్న భాగానికే వార్డు అన్న మాట అతుక్కుపోయింది. హ్యూస్టన్‌లో ‘వార్డు’ అనగానే నల్లజాతి లేదా మెక్సికన్ పేట అన్న అర్థం స్ఫురించడం ఇలా మొదలైంది. మొదట అదొక పాలనా విభాగం, అన్ని వర్గాలదీ.

ఓటు తిరిగి వచ్చిన దారి కూడా వార్డుల గుండానే వచ్చింది. ఐదో వార్డు దంతవైద్యుడు లానీ స్మిత్ తెల్లవారి ప్రైమరీ మీద కేసు వేస్తే, తర్‌గుడ్ మార్షల్ వాదించగా 1944లో సుప్రీంకోర్టు ఆ పద్ధతిని కొట్టేసింది. అదే ఐదో వార్డులో 1936లో పుట్టిన బార్బరా జోర్డన్ 1962లో, 1964లో టెక్సస్ ప్రతినిధుల సభకు పోటీ చేసింది. హారిస్ కౌంటీ మొత్తం ఓటు వేయాల్సిన పోటీ అది. రెండుసార్లూ ఓడిపోయింది. ఒక్కో ప్రాంతానికి ఒక్కో సభ్యుడు ఉండేలా కోర్టు ఆదేశాలతో సరిహద్దులు మార్చాక, 1966లో తన సొంత మనుషుల జిల్లా నుంచి రాష్ట్ర సెనేటుకు గెలిచింది. అభ్యర్థి ఆమే, మాట్లాడే మాట అదే, ఊరు అదే. ముఖ్యంగా మారింది గీత. నాలుగో వార్డుకు 1905లో ఏమైందో చెప్పడానికి ఇంతకంటే స్పష్టమైన రుజువు అక్కర్లేదు.

జోర్డన్ తర్వాత అమెరికా కాంగ్రెస్‌కు వెళ్లింది. 1975లో ఓటింగ్ హక్కుల చట్టాన్ని టెక్సస్‌కూ వర్తించేలా విస్తరించడంలో ముందు నిలిచింది. ఆ చట్టం ప్రకారం నగరం సరిహద్దులు పెంచుకున్నా కేంద్రం అనుమతి కావాలి. 1970ల చివర హ్యూస్టన్ శివార్లను కలుపుకోబోతే, నల్లజాతి, మెక్సికన్ ఓట్ల బలం పలచబడుతుందని న్యాయశాఖ అభ్యంతరం చెప్పింది. అలా 1979లో నగర సభ తొమ్మిది జిల్లా స్థానాలు, ఐదు ఊరంతటి స్థానాలుగా మారింది. ఆ ఏడాది ఎన్నికల్లో ముగ్గురు నల్లజాతి సభ్యులు, మొదటి మెక్సికన్ అమెరికన్ సభ్యుడు, మొదటిసారి మహిళలు గెలిచారు. ఇప్పుడు జిల్లా స్థానాలు 11. వార్డులను వేరే పేరుతో తిరిగి తెచ్చుకున్నట్టే.

ఆ మార్పు నాలుగో వార్డుకు ఆలస్యంగా చేరింది. 1980ల మధ్యలో ఫ్రీడ్‌మెన్స్ టౌన్‌ను జాతీయ చారిత్రక స్థలాల జాబితాలో చేర్చినప్పుడు 40 వీధి ఖండాల్లో 500కు పైగా పాత కట్టడాలున్నాయి. ఇప్పుడు మిగిలినవి కొన్ని పదులే. జాబితాలో చేరినంత మాత్రాన టెక్సస్‌లో సొంతదారు కూల్చకుండా ఆపే అధికారం రాదు. ఏ చోట ఏం కట్టాలో నిర్ణయించే జోనింగ్ చట్టం కూడా హ్యూస్టన్‌లో లేదు. ఓటర్లు 1948లో, 1962లో, 1993లో దాన్ని తిరస్కరించారు. డౌన్‌టౌన్ పక్కనే ఉన్న చవక నేల కనుక 1990ల నుంచి పాత ఇంటి స్థానంలో మూడంతస్తుల టౌన్‌హౌసులు లేచాయి. ఆనాటి సాన్ ఫెలిపే కోర్ట్స్ అప్పటికి అలెన్ పార్క్‌వే విలేజ్ అయింది. జాతి నిషేధం పోయాక నల్లజాతి కుటుంబాలు, తర్వాత వియత్నాం శరణార్థులు అక్కడ చేరారు. నగరం దాన్ని కూల్చాలని 1970ల చివర నుంచి చూసింది. నివాసుల సంఘం దాదాపు ఇరవై ఏళ్లు అడ్డుకుంది. ఫెడరల్ నిధులతో దాన్ని కూల్చకూడదని 1987లో టెక్సస్ కాంగ్రెస్ సభ్యులు మార్టిన్ ఫ్రాస్ట్, మిక్కీ లేలండ్ చట్టంలో నిబంధన పెట్టించారు. 1996లో ఆ నిబంధన తొలగింది, చాలా భాగం నేలమట్టమైంది.

ఒకప్పుడు ఇదే వార్డులో ముక్క అయిన ఆరో వార్డును చూస్తే తేడా తెలుస్తుంది. పాత ఆరో వార్డు 1978లోనే జాతీయ జాబితాకెక్కింది. 2007లో నగరం దానికి కూల్చివేతను అడ్డుకునే రక్షణ ఇచ్చింది. చిన్న చిన్న విక్టోరియన్ చెక్క ఇళ్లు అక్కడ ఇంకా వీధుల కొద్దీ నిలిచి ఉన్నాయి. ఏరు ఒకటే, కాలం ఒకటే. ఒక ఒడ్డున ఇళ్లు ఉన్నాయి, రెండో ఒడ్డున ఫలకాలున్నాయి.

2016లో ఆండ్రూస్ వీధిలో పనిచేస్తున్న కాంట్రాక్టు సిబ్బంది ఆ పాత ఇటుకలను పెకలించారు. వాటిని కాపాడాలన్న షరతు అప్పటికే ఉంది. జనం వీధిలోకి వచ్చారు, నగరం క్షమాపణ చెప్పి సరిచేస్తామంది. 2021లో నగర సభ ఫ్రీడ్‌మెన్స్ టౌన్‌ను తన మొదటి వారసత్వ జిల్లాగా ప్రకటించింది. 1926 నాటి గ్రెగరీ స్కూలు భవనం 2009 నుంచి నల్లజాతి చరిత్ర గ్రంథాలయంగా నడుస్తోంది. పోయిన కార్నెగీ గ్రంథాలయానికి ఇదొక్కటే వారసురాలు. జాక్ యేట్స్ ఆండ్రూస్ వీధిలో 1870లో కట్టుకున్న ఇల్లు ఆ వీధిలో లేదు, సామ్ హ్యూస్టన్ పార్కులో ప్రదర్శనగా ఉంది.

ఆయన పాస్టర్‌గా ఉన్న ఆంటియోక్ చర్చి మాత్రం కదల్లేదు. క్లే వీధిలో, చుట్టూ గాజు మేడల మధ్య, ‘జీసస్ సేవ్స్’ అన్న నియాన్ అక్షరాలతో అదే ఇటుక గోడలతో ఉంది. అది ఐ-45కు తూర్పున పడింది కాబట్టి దాన్ని ఇప్పుడు డౌన్‌టౌన్ అంటారు. ఆదివారం అక్కడికి వచ్చే పాత కుటుంబాలు మాత్రం దాన్ని నాలుగో వార్డు చర్చి అనే అంటాయి.